ధర్మరాజు చేతిలో కలిమా

"మీ దేశంలో కూడా ధర్మరాజు ఉన్నాడా, నాక్?" అని అడిగింది పక్క సీట్లో పెద్దావిడ. నాక్ అంటే బిడ్డా అని. బస్సులో డ్రైవర్ వెనక పెట్టిన టీవీలో వాయాంగ్ నడుస్తోంది, జావా వాళ్ల తోలుబొమ్మలాట. వంచిన తల, సన్నటి ముక్కు, ఒంటిమీద నగలేవీ లేని ఒక బొమ్మ తెరమీద నిలబడి ఉంది. పేరు చెప్పకపోయినా గుర్తుపట్టాను, ధర్మరాజే.

"ఉన్నాడు బూ, మా వైపు నిమ్మలకుంట అనే ఊళ్లో ఆయన బొమ్మని మేకతోలుతో చేస్తారు, మీరు గేదెతోలుతో చేస్తారు కదా" అన్నాను. బూ అంటే అమ్మా అని పిలవడం. ఆవిడ ఎంత సంబరపడిందంటే, ముందు సీటు వాళ్లందర్నీ తట్టి మరీ చెప్పింది.

నాది అనంతపురం వైపు పల్లె, దూదేకుల ఇల్లు. మా ఇంట్లో ఉర్దూ రాదు. నమాజు సూరాలు, అంటే ఖురాన్ అధ్యాయాలు, చిన్నప్పుడు తెలుగులో రాసుకుని బట్టీ పట్టినవే. మూడేళ్లుగా ఇండోనేసియాలో, జావా దీవిలోని సురబాయ దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్స్ పని చేస్తున్నాను. నేనుండే వీధివాళ్లు ఏడాదికోసారి బస్సు మాట్లాడుకుని వలీ సొంగో జియారత్‌కి, అంటే సమాధుల దర్శనానికి, వెళ్తారు. వలీ సొంగో అంటే తొమ్మిదిమంది వలీలు, ముస్లిం పుణ్యపురుషులు. ఎక్కువగా 15, 16 శతాబ్దాల వాళ్లు, జావాలో ఇస్లాం జనంలోకి వెళ్లింది వాళ్ల చేతులమీదుగానే అని ఇక్కడ చిన్నపిల్లవాడు కూడా చెప్తాడు. ఐదుగురి సమాధులు తూర్పు జావాలో, మూడు మధ్య జావాలో, ఒకటి పడమట చిరెబాన్‌లో. ఈసారి నన్నూ రమ్మన్నారు.

నేనెందుకు ఒప్పుకున్నానో ముందే చెప్పేస్తాను. మా అబ్బ, అంటే మా నాయన తండ్రి, మొహర్రంలో పీరు ఎత్తేవాడు. ఊళ్లో రెడ్లు, బోయలు, మాదిగలు, మేము, అందరం పీర్ల సావిడి ముందు గుండం చుట్టూ ఆడేవాళ్లం, చక్కెర చదివించేవాళ్లం. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు టౌన్‌లో చదువుకుంటూ రూములో ఎవరో ఇచ్చిన ప్రసంగాల క్యాసెట్లు విని, ఇంటికొచ్చి అబ్బ ముఖం మీదే అనేశాను, నువ్వు చేసేది దీన్ కాదు, నరకానికి దారి అని. ఆయన ఒక్కమాట కూడా తిరిగి అనలేదు. మరుసటేడు భుజం నొప్పి అని పీరు ఎత్తలేదు, ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆ నొప్పి నిజంగా భుజానిదేనా అని నేను అడగలేదు, ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

సరే, యాత్ర. మొదట సురబాయలోనే సునాన్ అంపెల్. సునాన్ అంటే ఇక్కడ వలీలకి ఇచ్చే గౌరవం పేరు. ఖర్జూరాలు, అత్తరు, టోపీలు, జపమాలల్లాంటి తస్బీలు అమ్మే సందు దాటి వెళ్తే పాత మసీదు, దాని వెనక సమాధి. మా వీధి పెద్దాయన మైకు పట్టుకుని యాసీన్ సూరా మొదలుపెట్టాడు, ఆ తర్వాత తహ్లీల్, అంటే అల్లా తప్ప దేవుడు లేడని మళ్లీ మళ్లీ పలకడం, అందరూ ఒకే రాగంలో ఊగుతూ. అంపెల్ బోధ అంతా ఐదు "వద్దు"ల్లో ఉంది. జూదం వద్దు, తాగుడు వద్దు, దొంగతనం వద్దు, నల్లమందు వద్దు, పరాయి ఆడది వద్దు. జావా భాషలో ఆ ఐదు మాటలూ మ అక్షరంతోనే మొదలవుతాయి, అందుకని పొలంలో పనిచేసేవాడికి కూడా నోట్లో నానిపోయాయి.

గ్రెసిక్‌లో రెండు సమాధులు అర్ధరాత్రి చూశాం. మౌలానా మాలిక్ ఇబ్రహీం సమాధిరాయి మీద ఉన్న సంవత్సరం మన లెక్కలో 1419, ఆ చెక్కడం గుజరాత్ ఖంభాత్ రాళ్ల తీరులో ఉందని పండితులు అంటారు. సునాన్ గిరి పిల్లల ఆటల్లో, పాటల్లో పెట్టి చెప్పాడట. నిద్రమత్తులో ఆ కొండమెట్లు ఎలా ఎక్కానో గుర్తులేదు. లామోంగాన్‌లో సునాన్ ద్రజాత్ దగ్గరికి వచ్చేసరికి తెల్లారింది. ఆయన మాటలుగా చెప్పేవి బూ నాకు నిదానంగా అర్థం చెప్పింది: గుడ్డివాడికి కర్ర ఇవ్వు, ఆకలైనవాడికి అన్నం పెట్టు, బట్టలేనివాడికి బట్ట ఇవ్వు, వానలో తడిసేవాడికి నీడ ఇవ్వు. చెప్తూ చెప్తూ నాకు పొట్లం విప్పి అన్నం పెట్టింది.

తుబాన్‌లో బస్టాండు నుంచి సునాన్ బోనాంగ్ దగ్గరికి సైకిల్ రిక్షాలో వెళ్లాలి. బోనాంగ్ అనేది గామెలాన్ అనే జావా వాద్యబృందంలో ఒక వాద్యం, చట్రం మీద బోర్లించిన కంచుగిన్నెల వరస, మధ్యలో బొడిపె. ఆయన ఆ వాద్యంతో జనాన్ని పోగేసేవాడని కథ. మనసు జబ్బుకి ఐదు మందులున్నాయని చెప్పే "తొంబో అతి" పాట ఆయనదే అంటారు. ఖురాన్ అర్థంతో చదవడం, రాత్రి నమాజు, మంచివాళ్ల సావాసం, ఉపవాసం, రాత్రిపూట ఎక్కువసేపు జిక్ర్, అంటే దేవుడి నామస్మరణ. బస్సులో ఎవరో ఎత్తుకుంటే అందరూ పాడారు. వెనక సీటు కుర్రాడికి ఈ పాట వాళ్ల అమ్మ నేర్పలేదట, రంజాన్ నెలలో టీవీలో విని నేర్చుకున్నాడట. ఐదువందల ఏళ్ల నాటిదని చెప్పే పాట టీవీలోంచి వచ్చినా వాడికి అది వాళ్ల తాత పాటే.

కుదుస్‌లో నాకు కాళ్లు కదల్లేదు. ఎర్ర ఇటుకల గోపురం ఒకటి, అచ్చం పాత హిందూ గుడి ఆకారంలో, పైన గడ్డికప్పు లాంటి చూరు, లోపల అజాన్ ముందు కొట్టే పెద్ద డోలు. అది మసీదు మినారు! పక్క మసీదు రాతి మీద ఉన్న ఏడాది 1549. వజూ చేసుకునే దగ్గర, అంటే నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కునేచోట, గోడలో ఎనిమిది నీటి తూములు, ప్రతి తూము మీద గుడి గుమ్మాల మీద కనిపించే కాలుడి తల, అవి బౌద్ధుల అష్టాంగ మార్గానికి గుర్తని చెప్తారు. చేతులు కడుక్కుంటూ ఆ ముఖం వైపు చూస్తూ ఉండిపోయాను, వేళ్ల మధ్య నీళ్లు చల్లగా ఉన్నాయి, వెనక వరసలో వాళ్లు ఆగి ఉన్నారు, ఎవరూ తొందర పెట్టలేదు.

సునాన్ కుదుస్ గురించి కథ ఇది. ఆయన ఒక ఆవుని అలంకరించి మసీదు ముందు కట్టేశాడట. ముసల్మాన్లు దాన్ని ఏం చేస్తారో అని ఊరివాళ్లంతా భయంగా వచ్చి నిలబడ్డారట. అప్పుడాయన, మా గ్రంథంలో అన్నిటికన్నా పెద్ద సూరా పేరు "ఆవు" తెలుసా, అని అల్ బఖరా గురించి చెప్పడం మొదలుపెట్టాడట. తన వాళ్లకి మాత్రం ఇక్కడ ఆవుని కోయవద్దని చెప్పాడు. ఆ మాట ఊళ్లో ఇంకా నడుస్తోంది. కుదుస్ సోతో అనే పులుసు ఇక్కడ గేదె మాంసంతో చేస్తారు, చిన్న గిన్నెలో పోసి ఇస్తారు. హోటల్ ఆయన్ని అడిగితే, ఎదుటివాళ్ల మనసు నొప్పించకూడదని పెద్దాయన చెప్పాడు కదా అన్నాడు, నిన్నగాక మొన్న విన్నట్టు. కొత్త మతం తెచ్చినాయన ముందు మానుకోమన్నది తనవాళ్లని. నేను మా అబ్బతో మాట్లాడింది ఇలా కాదు.

మురియా కొండమీద సునాన్ మురియా సమాధికి అద్దె మోటార్ సైకిళ్లమీద వెళ్లొచ్చాం, లోయవైపు చూడకుండా కళ్లు మూసుకున్నాను.

దెమాక్ మసీదులో నాలుగు పెద్ద స్తంభాలున్నాయి, ఒక్కోటి ఒక్కో వలీ తెచ్చాడంటారు. అందులో సునాన్ కలిజాగాది దుంగ కాదు, చెక్కపేళ్లన్నీ పోగుచేసి కట్టి నిలబెట్టిందట. అక్కడికి దగ్గర్లోనే కదిలాంగులో ఆయన సమాధి. తుబాన్ అధిపతి కొడుకు, దారిదోపిడీ చేసేవాడు, బోనాంగ్‌ని దోచుకోబోయి ఆయన శిష్యుడయ్యాడు. గురువు తన చేతికర్ర ఏటి ఒడ్డున నాటి, నేనొచ్చేదాకా కాపలా ఉండమంటే, ఒంటిమీద తీగలు అల్లుకున్నా కదలకుండా కూర్చున్నాడు. కలిజాగా అంటే ఏటికి కాపలా అని అర్థం చెప్తారు. బూ ఈ కథ చెప్తుంటే నేను మధ్యలోనే, వాల్మీకి, పుట్ట అన్నాను. ఆవిడకి వాల్మీకి కథ చెప్పాల్సి వచ్చింది. మా ఊళ్లో బోయవాళ్లు ఆయన్ని తమవాడిగా కొలుస్తారని కూడా చెప్పాను.

కలిజాగా వాయాంగ్ ఆడించేవాడట. ఆట చూడడానికి టికెట్టు డబ్బు కాదు, కలిమా, అంటే అల్లా తప్ప దేవుడు లేడు, ముహమ్మద్ ఆయన ప్రవక్త అనే మాట, ఒక్కసారి పలకడం. సమాధి బయట అరుగుమీద కూర్చుని బూ చెప్పిన కథ ఇంకా నా చెవుల్లోనే ఉంది. కురుక్షేత్రం అయిపోయి అందరూ పోయినా ధర్మరాజుకి చావు రాలేదట. ఆయన దగ్గర కలిమసాద అనే తాళపత్రం ఉంది, దాన్ని చదవగలిగినవాడు వచ్చేదాకా ప్రాణం పోదు. ఎన్నో వందల ఏళ్లు అడవిలో ఎదురుచూశాడు. కలిజాగా అటు వెళ్తూ దాన్ని విప్పి చదివాడు. అందులో ఉన్నది కలిమా షహాదత్. ధర్మరాజు విన్నాడు, ప్రశాంతంగా కన్నుమూశాడు. ధర్మరాజు ఆయుధానికి ఇలాంటి పేరు ఇస్లాం రాకముందు జావా కావ్యంలోనే ఉందని పండితులు అంటారు. అంటే పేరు తీసేయలేదు, ఉన్న పేరులోనే కొత్త అర్థం వినిపించారు.

నేను లోపలికి వెళ్లి అబ్బ పేరుమీద ఫాతిహా చదివాను. గొంతు పట్టేసింది, ఆమీన్ బయటికి రాలేదు.

చిరెబాన్ దారిలో రాత్రంతా బస్సు టీవీ ఆగలేదు. వెనక సీటు కుర్రాడు కి ఎంతుస్ సుస్మొనో అనే దలాంగ్ వీడియో పెట్టించాడు. దలాంగ్ అంటే బొమ్మలాడించేవాడు. ఆయన తెగాల్ జిల్లాకి పాలకుడిగా కూడా ఉన్నాడు, 2018లో చనిపోయాడు. ఆయన బొమ్మలు లూపిత్, స్లెంతెంగ్ మాట్లాడుకుంటుంటే నాకు కేతిగాడు, బంగారక్క కళ్లముందు ఆడారు. నవ్వించి నవ్వించి చివర్లో నమాజు సంగతి, పక్కింటివాడి హక్కు సంగతి చెప్తాడు, బస్సంతా నవ్వుతూనే వింటోంది. ఆ తర్వాత ఇంకెవరో రోమా ఇరామా అనే గాయకుడి దాంగ్‌దుత్ పాటలు పెట్టారు. ఆ సంగీతంలో మన హిందీ సినిమా తబలా దరువు స్పష్టంగా వినిపిస్తుంది.

ఇక్కడ అందరూ ఒప్పుకుంటారని కాదు. ఆ కుర్రాడి బావ 1912లో పుట్టిన ముహమ్మదియా సంఘం మనిషి, సమాధుల దగ్గరికి రాడు. 1926లో పుట్టిన నహ్దతుల్ ఉలమా అనే సంఘం వైపు వీళ్లంతా. "బావ రాడు, కానీ దారిలో తినమని అరటిపళ్ల గెల మాత్రం ఇచ్చి పంపాడు" అన్నాడు కుర్రాడు, గెల పైనుంచి దించుతూ. మా ఇంట్లో ఆ ఒక్క గెల కూడా లేకపోయింది.

చిరెబాన్‌లో సునాన్ గునుంగ్ జాతి సమాధి గోడలకి చైనా పింగాణీ పళ్లేలు పొదిగి ఉన్నాయి, చైనావాళ్లు కూడా వచ్చి దండం పెట్టుకుంటారు. బయట టీ తాగుతూ తమ్ముడికి ఫోన్ చేశాను. అక్కడ ఇంకా పొద్దు పొడవలేదు.

"ఏమన్నా, ఇంత పొద్దున్నే? బాగుండావా?"

"బాగుండాలేరా. పీర్ల సావిడి తాళం ఎవరి దగ్గరుంది?"

కాసేపు చప్పుడు లేదు.

"బోయోళ్ల పెద్దాయన దగ్గరన్నా. అబ్బ పోయినంక ఆయనే వారానికోసారి ఊడ్చి దీపం పెడతాండాడు."