మేనత్త నడుము నొప్పి

మా మేనత్తకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ జరిగిన ఏడేళ్లకు, సార్వా నాట్ల రోజుల్లో, నడుము నొప్పి మొదలైంది. కోనసీమలో ఆ రోజుల్లో నడుము నొప్పి లేని ఆడమనిషి అరుదు కాబట్టి ఎవరమూ దానిని లెక్కచేయలేదు. ఆర్‌ఎంపీ డాక్టరు సూది మందు వేశారు, పొరుగావిడ నూనె కాచి మర్దనా చేసింది, అరటి గెల ఎత్తినప్పుడు పట్టేసి ఉంటుందని మామయ్య తేల్చేశారు. దసరా వచ్చేదాకా అలాగే గడిచింది. పాత ఆపరేషన్ సంగతి ఆ డాక్టరుకు మేము చెప్పలేదు, ఆయన అడగనూ లేదు. అయిదేళ్లు దాటితే గండం గడిచినట్టేనని మా ఇంట్లో అందరి నమ్మకం. నిజానికి హార్మోన్లపై ఆధారపడి పెరిగే రకం పది, పదిహేనేళ్ల తరువాత కూడా తిరగబెట్టవచ్చు.

పొలం పనివల్ల వచ్చిన నొప్పి సాధారణంగా నడుం వాల్చితే తగ్గుతుంది. అత్తయ్యకు మాత్రం పడుకున్నాకే ఎక్కువయ్యేది, అర్ధరాత్రి లేచి అరుగు మీద కూర్చునేవారు. మేము గుర్తించవలసినది అదే. రొమ్ము క్యాన్సర్ ఇతర భాగాలకు పాకినప్పుడు ఎక్కువగా చేరేది ఎముకల్లోకి, ముఖ్యంగా వెన్నెముక, పక్కటెముకలు, తుంటి ఎముకల్లోకి. విశ్రాంతికి లొంగక, వారాలు గడిచేకొద్దీ ఒకేచోట పెరిగే నొప్పిని, చిన్నపాటి తూలుకే ఎముక విరగడాన్ని అనుమానించాలి. నడుము నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా వెన్నుపాము నొక్కుకుపోతూ ఉండవచ్చు కనుక ఆ పూటే పెద్దాసుపత్రికి చేరాలి. తెల్లవారాక చూద్దామనుకుంటే నడక తిరిగి రాకపోవచ్చు.

తగ్గని పొడిదగ్గు, నాలుగడుగులకే ఆయాసం వస్తే ఊపిరితిత్తులను, కుడి డొక్కలో బరువు, ఆకలి మందగించడం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే కాలేయాన్ని పరీక్షించాలి. కామెర్లనగానే పసరు మందుకు పరుగెత్తే అలవాటు మన వైపు ఇంకా పోలేదు. పొద్దున లేవగానే తలనొప్పి, వాంతి, చూపు మసకబారడం, కొత్తగా మూర్ఛ రావడం మెదడుకు సంబంధించినవి. ఎముకల నుంచి కాల్షియం రక్తంలోకి ఎక్కువగా చేరితే విపరీతమైన దాహం, మలబద్ధకం, మగత వస్తాయి. వాటిని చూసి షుగరేమో అనుకోవడం తేలిక. ఇవన్నీ మామూలు జబ్బులలోనూ వస్తాయి, అందుకే పాత చరిత్ర చెప్పకపోతే డాక్టరుకు దారి దొరకదు.

అసలు మొదటిసారే జబ్బు ముదిరిన దశలో బయటపడేవారూ ఉన్నారు. రొమ్ము చర్మం కమలాపండు తొక్కలా గుంటలు పడటం, చనుమొన లోపలికి లాక్కుపోవడం, మానని పుండు, చంకలో గట్టి గడ్డ, ఆ వైపు చేయి వాపు వంటివాటిని సిగ్గుపడి నెలల తరబడి పైటచాటున దాచుకుంటారు. గడ్డ నొప్పి పెట్టడం లేదు కదా అన్న ధీమా కూడా ఒక కారణం.

అత్తయ్యను చివరకు విశాఖపట్నం తీసుకువెళ్లాము. స్కానింగులో నడుము పూసలు రెండింటిలో జబ్బు కనిపించింది. పూర్తిగా నయం కాదని, అదుపులో పెట్టవచ్చని అక్కడి డాక్టరు దాపరికం లేకుండా చెప్పారు. రేడియేషన్ ఇచ్చారు, హార్మోన్ మాత్రలు, ఎముకల బలానికి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఇప్పుడు రాత్రిళ్లు నిద్రపోతున్నారు. ఇనప్పెట్టె అడుగున పడి ఉన్న పాత బయాప్సీ కాగితాలను ఒక సంచిలో పెట్టుకుని, జలుబుకు వెళ్లినా వెంట తీసుకువెళుతున్నారు.