మా ఆస్ట్రో వ్యానుకు రిమ్ములు, వెనక ఆక్సిల్ వెతికిన కథ

మా ఆవిడ వారాంతాల్లో క్యాటరింగ్ చేస్తుంది. ఆ పని కోసం ఇక్కడ డాలస్‌లో ఒక 1998 షెవ్రొలే ఆస్ట్రో వ్యాను కొన్నాం. 4.3 లీటర్ల వీ6 ఇంజను, నాలుగు గేర్ల ఆటోమేటిక్, వెనక చక్రాల డ్రైవ్. ఇంజనుకు ఇప్పటికీ ఢోకా లేదు. ఇబ్బందల్లా రెండే. రిమ్ములు తుప్పు పట్టి టైర్లలో గాలి నిలిచేది కాదు. పైగా కార్తీక వనభోజనాలకు పులిహోర, సాంబారు గిన్నెలు వేసుకుని పార్కుకు వెళ్తే, తడి గడ్డి మీద వెనక చక్రం ఒకటి గిర్రున తిరిగేది, రెండోది కదిలేది కాదు. వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టెను డిఫరెన్షియల్ అంటారు. అందులో లాక్ లేని ఓపెన్ రకంతో ఇదే తంటా, పట్టు లేని చక్రమే తిరుగుతుంది.

ముందు రిమ్ముల సంగతి. రిమ్మును బిగించే మరల కడ్డీలు, అంటే స్టడ్లు, ఐదు కదా, ఏ ఐదు బెజ్జాల రిమ్మయినా పడుతుందనుకుంటారు చాలామంది. స్టడ్ల మధ్య బిందువుల గుండా గీసిన వృత్తం వ్యాసాన్ని పీసీడీ అంటారు. నాలుగు, ఆరు స్టడ్లకైతే ఎదురెదురుగా టేపు పెట్టి కొలిచేయొచ్చు. ఐదింటికి ఎదురుగా ఏదీ ఉండదు. అందుకని పక్కపక్క స్టడ్ల మధ్య దూరం కొలిచి 1.7తో గుణించాలి. మధ్య బిందువు కంటితో పట్టడం కష్టం, కాబట్టి ఒక స్టడ్ ఎడమ అంచు నుంచి రెండోదాని ఎడమ అంచుకు కొలిస్తే లెక్క సరిపోతుంది. మా వ్యానుకు 74.6 మిల్లీమీటర్లు వచ్చింది, అంటే పీసీడీ 127, ఇక్కడివాళ్ళ లెక్కలో 5 అంగుళాలు. అదే షెవ్రొలే వాళ్ళ రెండు చక్రాల డ్రైవ్ ఎస్10 పికప్పుకు 4.75 అంగుళాలు. పక్క స్టడ్ల దూరంలో తేడా నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు. కంటికి ఆనదు, కొలిస్తేనే తెలుస్తుంది.

జీప్ రాంగ్లర్ జేకే రిమ్ములు చవగ్గా కనిపించాయి. వాటి పీసీడీ కూడా 127. కానీ వాటి మధ్య రంధ్రం 71.5 మిల్లీమీటర్లే, ఆ రంధ్రంలో కూర్చునే మా ముందు హబ్ అంతకంటే లావు. అమ్మేవాడు నట్లు కూడా ఉచితంగా ఇస్తానన్నాడు. జేకే స్టడ్ అర అంగుళం, మాది 12 మిల్లీమీటర్లు, మర చుట్ల మధ్య దూరం (పిచ్) 1.5. ఆ నట్లు నాకెందుకు? రిమ్ముకూ హబ్‌కూ మధ్య స్పేసర్లనే దిమ్మెలు పెట్టుకోమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. వంట గిన్నెల బరువుతో హైవే మీద తిరిగే బండికి నేనైతే పెట్టను.

ఇక డిఫరెన్షియల్. జనరల్ మోటార్స్ బండ్లలో ఆప్షన్ కోడ్‌ల స్టిక్కర్ ఒకటి ఉంటుంది, పికప్పుల్లో సాధారణంగా గ్లవ్ బాక్సులోనే. వెనక చక్రాలు ఒక చుట్టు తిరగడానికి ఇంజను వైపు నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో అదే రేషియో. జీయూ5 అంటే 3.23 రేషియో, జీయూ6 అంటే 3.42, జీటీ4 అంటే 3.73. జీ80 ఉంటే లాకింగ్ డిఫరెన్షియల్, అంటే ఒక చక్రం జారితే రెండింటినీ కలిపి తిప్పేది. మా బండిలో ఆ స్టిక్కర్ చెరిగిపోయింది. కాబట్టి ఒక వెనక చక్రాన్ని నేల మీదే ఉంచి, చెక్కలు అడ్డం పెట్టి, రెండోదాన్ని స్టాండు మీదికి లేపి, న్యూట్రల్‌లో చేత్తో తిప్పాను. రెండో చక్రం కదలదు కాబట్టి, లేపిన చక్రం రెండు చుట్లు తిరిగేలోపు ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే అదే రేషియో. రెండు చుట్లతో 3.23కీ 3.42కీ తేడా పట్టలేం, అందుకని ఇరవై చుట్లు తిప్పాను. షాఫ్ట్ మీద సుద్ద గీత ముప్పై నాలుగు దాటి కొద్దిగా ముందుకెళ్ళింది. పదితో భాగిస్తే 3.42 అన్నమాట, డిఫరెన్షియల్‌లోని పెద్ద గేరు క్రౌన్‌కు 41 పళ్ళు, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌కు 12.

జీ80తో పాటు 3.73 కావాలనుకున్నాను. 215/75 టైర్ల బదులు 235/75 వేయాలని ఆలోచన. టైరు పెద్దదైతే 3.42 కాస్తా 3.28 లాగా పనిచేస్తుంది, బరువుతో ఎత్తు ఎక్కడానికి ఇంజను ఆయాసపడుతుంది. కొత్త క్రౌన్ పినియన్ వేయిద్దామంటే షిమ్‌లు, బేరింగులు, క్రష్ స్లీవ్, పళ్ళ మధ్య సందు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన కుదర్చడం, ఇదంతా చేతినిండా అనుభవం ఉన్నవాడి పని. ఇక్కడ దాని కూలి బండి ధరతో పోటీ పడుతుంది. మెకానికల్ చదివిన స్నేహితుడొకడు, "అన్నా, గేర్లు ముట్టుకోకు, ఆక్సిల్ మొత్తం మార్చెయ్" అన్నాడు. నిజమే, ఆక్సిల్ అంటే డిఫరెన్షియల్‌తో సహా వెనక ఇరుసు మొత్తం, అదే రకం వ్యానుది అయితే గేర్ల అమరిక ఫ్యాక్టరీలో చేసిందే వస్తుంది, లీఫ్ స్ప్రింగుల మీద కూర్చోబెట్టి బిగించుకోవడమే.

తుక్కు యార్డుల్లో వెతికేటప్పుడు ముందు చూడాల్సింది మళ్ళీ స్టడ్లే. 2003 నుంచి 2005లో తయారీ ఆగేదాకా వచ్చిన ఆస్ట్రోలకు ఆరు స్టడ్లు. ఆ ఆక్సిల్ వేస్తే వెనక ఆరు, ముందు ఐదు, ఒక్క స్టెప్నీ రెండింటికీ పనికిరాదు. ఎస్10 ఆక్సిల్ స్టడ్లూ కలవవు, వెడల్పూ చాలదు. కాబట్టి 2002 లేదా అంతకుముందు ఆస్ట్రో అయి ఉండాలి.

జీ80 ఉందో లేదో చక్రం తిప్పి తేల్చుకోలేం. నెమ్మదిగా తిప్పితే అది కూడా ఓపెన్ లాగే ప్రవర్తిస్తుంది. రెండు చక్రాల వేగాల్లో నిమిషానికి వంద చుట్ల తేడా వస్తేనే లోపల వేగాన్ని బట్టి పనిచేసే గవర్నర్ అనే భాగం పట్టుకుని లాక్ చేస్తుంది. స్టిక్కర్ చదవాలి, లేదా పది బోల్టుల వెనక కవర్ విప్పి చూడాలి. నాకు దొరికిన వ్యానులో స్టిక్కర్ చెక్కుచెదరలేదు, జీటీ4, జీ80 రెండూ ఉన్నాయి. అయినా కవర్ విప్పించాను. గేర్ ఆయిల్ కంపు భరించడం కష్టమే గానీ, అందులో ఇనుప పలుకులు లేవని, క్రౌన్ అంచున 41, 11 అని ముద్ర ఉందని చూశాకే డబ్బులిచ్చాను. ఈ జీ80 బరువు మీద ఒక్కసారిగా పట్టుకుంటే పగులుతుందని ఇక్కడి మెకానిక్కులు దాన్ని బాంబు అని పిలుస్తారు. లాక్ అయినప్పుడు దడ్‌మని శబ్దం వస్తుంది, మొదటిసారి గుండె ఆగినంత పనవుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు మెత్తగా ఉంచితే చాలు. ఆ బండివే మంచి రిమ్ములు నాలుగూ తీసుకున్నాను, హబ్ గొడవ కూడా తీరింది.

బిగించడం పెద్ద కష్టం కాలేదు. యూ బోల్టులు తుప్పు పట్టి కోయాల్సి వచ్చింది, కొత్తవి వేశాం. బ్రేక్ గొట్టం కూడా కొత్తదే.

స్పీడోమీటరు సంగతి చాలామంది మర్చిపోతారు. పెద్ద టైరు వల్ల కొంత తగ్గి, 3.73 వల్ల ఎక్కువ పెరిగి, లెక్కకు నాలుగున్నర శాతం దాకా ఎక్కువ చూపిస్తుంది. అసలు వేగం 65 మైళ్ళుంటే ముల్లు 68 దగ్గర. ఓడోమీటరు కూడా అంతే తప్పు తిరుగుతుంది. ఇంజను కంప్యూటర్‌లో రేషియో, టైరు సైజు మార్పించాక ఫోను జీపీఎస్‌తో సరిచూశాను, కలిసింది. హైవే మీద పెట్రోలు కాస్త ఎక్కువే తాగుతోంది. ఆ ఖర్చు ఇప్పుడు మా ఆవిడ క్యాటరింగ్ లెక్కల పుస్తకంలోకి ఎక్కింది.