ఆరు ప్లగ్గులు, ఒక శనివారం

మా హోండా ఒడిస్సీ లక్ష మైళ్లు దాటింది. డ్యాష్‌బోర్డు మీద మెయింటెనెన్స్ కోడ్‌లో 4 అంకె వచ్చింది. స్పార్క్ ప్లగ్గులు, ఇంజను లోపలి భాగాల్ని లయ తప్పకుండా తిప్పే పళ్ల పట్టీ, అంటే టైమింగ్ బెల్ట్, మార్చి, వాల్వుల సందు కూడా చూడాలని దానర్థం. బెల్ట్ ఇంట్లో పెట్టుకునే పని కాదు. ఒక్క పన్ను తేడా వచ్చినా ఇంజనుకే ముప్పు. అందుకే బెల్టూ, వాల్వులూ షాపుకే వదిలేద్దామనుకుని, ప్లగ్గులు మాత్రం ఇవాళ నేనే మార్చాను. వచ్చే వారం అమ్మానాన్నల్ని, పిల్లల్ని ఎక్కించుకుని హ్యూస్టన్ దగ్గరి పేర్లాండ్ మీనాక్షి అమ్మవారి గుడికి వెళ్లాలి. మేముండే ప్లేనో నుంచి నాలుగు గంటల పైమాటే. ఇంటిల్లిపాదీ ఎక్కే బండి కదా, లోపల ఎలా ఉందో నా కళ్లతో చూసుకోవాలనిపించింది.

తెల్లవారుతూనే గరాజ్ తలుపు ఎత్తాను. టెక్సస్ ఎండ సంగతి అటుంచి, ఇంజను రాత్రంతా ఆగి పూర్తిగా చల్లబడి ఉండాలి. సిలిండర్ హెడ్ అల్యూమినియం కాబట్టి వేడి మీద ప్లగ్ విప్పితే థ్రెడ్లు పాడయ్యే ప్రమాదం ఉంది.

ముందు వరుస మూడూ సులువు. పై కవరు తీసి, ప్లగ్ నెత్తిన కూర్చుని దానికి కరెంటు అందించే కాయిల్ కనెక్టర్ ఊడదీసి, 10 ఎంఎం బోల్ట్ విప్పితే కాయిల్ పైకి వచ్చేస్తుంది. ప్లగ్ విప్పే ముందు ఆ గుంతలోకి గాలి కొట్టి దుమ్ము ఊదేయాలి, లేకపోతే అదంతా సిలిండర్‌లో పడుతుంది.

వెనక మూడింటి దగ్గరే ఉంది అసలు పని. మూడేసి సిలిండర్లు రెండు వరుసలుగా ఉండే ఈ వీ6 ఇంజను బండికి అడ్డంగా ఉంటుంది, వెనక వరుస ముందు అద్దం కిందికి దూరిపోయి ఉంటుంది. టార్చ్ వేసినా కంటికి ఆనదు. చెయ్యి దూర్చి, వేళ్లతో తడుముతూ కాయిల్ తలను వెతుక్కోవాలి. కనెక్టర్ ప్లాస్టిక్ ఇన్నేళ్ల వేడికి పెళుసెక్కి ఉంటుంది, బలంగా లాగితే దాన్ని పట్టి ఉంచే చిన్న నాలుక పుటుక్కున విరుగుతుంది. ముందు కనెక్టర్‌ను కాస్త లోపలికి నెట్టాలి, అప్పుడు నాలుక మీది బిగువు వదులుతుంది, దాన్ని బొటనవేలితో నొక్కి నెమ్మదిగా వెనక్కి లాగాలి. వేలి కొసకు ఆ చిన్న "టిక్" తగిలినప్పుడు ఎంత హాయిగా ఉంటుందో!

మధ్యలో నాన్న కాఫీ గ్లాసుతో వచ్చి స్టూలు వేసుకుని కూర్చున్నారు. తెనాలిలో ఆయన బజాజ్ చేతక్ స్కూటర్ నడిపిన రోజుల్లో ప్లగ్ శుభ్రం చెయ్యడం ఇంటి పనుల్లో ఒకటి. పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్ బండి కాబట్టి ప్లగ్‌కు ఊరికే మసి పట్టేది. డిక్కీలో ప్లగ్ స్పానర్, గరుకు కాగితం ముక్క ఎప్పుడూ ఉండేవి. అందుకే పాతవి బయటికి రాగానే, "వీటిని రుద్దితే మళ్లీ పనికొస్తాయి కదరా?" అన్నారు.

"ఇవి ఇరిడియంవి నాన్నా, రుద్దకూడదు" అని ఒకటి చేతికిచ్చాను. కళ్లజోడు సర్దుకుని, వెలుతురుకు పెట్టి చూశారు. మధ్యలో సూది మొనలాంటి సన్నటి పుల్ల. ఇరిడియం కరగాలంటే 2,400 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటాలి, పాత ప్లగ్గుల్లోని నికెల్‌కు 1,455 చాలు. అందుకే అంత సన్నగా ఉండి కూడా లక్ష మైళ్లు లాగుతుంది. అయినా అరుగుతుంది. అరిగేకొద్దీ ఆ పుల్లకూ దాని ఎదురుగా ఉన్న కొక్కేనికీ మధ్య సందు పెరుగుతుంది, ఆ సందు దాటి నిప్పురవ్వ దూకాలంటే కాయిల్ మరింత వోల్టేజ్ ఇవ్వాలి. మార్చేది అందుకే.

మా అమ్మాయి గుడ్ల అట్టపెట్టెలో 1 నుంచి 6 దాకా అంకెలు వేసి, ఏ సిలిండర్ ప్లగ్ ఆ గుంతలోనే పెట్టింది. ఈ ఇంజనులో 1, 2, 3 వెనక వరుస, 4, 5, 6 ముందు వరుస. ఇలా వరుసగా పెట్టి చూడకపోతే సగం పని వదిలేసినట్టే అంటాను నేను. నల్లటి పొడి మసి ఉంటే పెట్రోల్ మోతాదు ఎక్కువవుతోందని, తడిగా నూనె జిడ్డు ఉంటే ఆయిల్ లోపలికి దిగుతోందని, తెల్లగా పాలిపోతే మరీ వేడెక్కుతోందని తెలుస్తుంది. మావి ఆరూ లేత గోధుమ రంగులో ఉన్నాయి. చూడగానే మనసు కుదుటపడింది.

ప్లగ్ మీది తెల్ల పింగాణీ అడుగున చుట్టూ ఉన్న గోధుమరంగు మరక చూసి నాన్న, "లోపలి గ్యాస్ లీకవుతోందేమోరా" అని కంగారుపడ్డారు. అది లీకు కాదు. అంత వోల్టేజ్ దగ్గర చుట్టూ ఉన్న గాలిలోని నూనె తుంపరలు పింగాణీకి అంటుకుని అలా మరకవుతుంది. దానివల్ల నష్టమేమీ లేదు.

కొత్తవి బిగించేటప్పుడు రాట్చెట్ జోలికి పోలేదు. ఎక్స్‌టెన్షన్‌ను వేళ్లతోనే తిప్పుతూ, థ్రెడ్ సాఫీగా పడుతోందని నమ్మకం కుదిరాకే, ఎంత బలంతో బిగిస్తున్నామో చెప్పే టార్క్ రెంచ్ తీశాను. 18 న్యూటన్ మీటర్లు, అంతే. అంతకు మించి బలం చూపించే చోటు కాదది. కాయిల్ రబ్బరు లోపల తేమ చేరకుండా కొంచెం డైఎలక్ట్రిక్ గ్రీజు రాసి, అన్నీ తిరిగి బిగించాను.

స్టార్ట్ చేసే పని అమ్మాయికి ఇచ్చాను. ఒక్క తిప్పుకే అందుకుంది. నాన్న బానెట్ మీద చెయ్యి ఆనించి, "అదురు లేదురా, బాగుంది" అన్నారు.

తారీఖు, మైళ్లు గ్లవ్ బాక్స్ నోట్‌బుక్‌లో రాసిపెట్టాను. బుధవారం బెల్ట్‌కు షాపులో ఇవ్వాలి, కూలెంట్ కూడా అప్పుడే చూడమని చెప్పాలి.