నాన్నల పాటలట

పండగ రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక నేను ఇలా టైపు చేస్తూ కూర్చున్నానంటే కారణం చాలా చిన్నదై ఉంటుందని మీరు ఈపాటికి ఊహించే ఉంటారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మా బావమరిది, రెండో బొబ్బట్టు మీద నెయ్యి వేయించుకుంటూ, "పోయినసారి వాళ్ళు చేసింది నాన్నల ఆల్బం బావా, వాంపైర్ వీకెండ్ అంటే ఇదీ" అన్నాడు. అన్నవాడు చేయి కడుక్కుని హాల్లోకి వెళ్ళి నిద్రపోయాడు. విన్నవాడికి మాత్రం అది ఇంకా అరగలేదు.

వాంపైర్ వీకెండ్ ఒక అమెరికన్ రాక్ బృందం. వాడు మెచ్చుకున్నది మొన్న శుక్రవారం, 2024 ఏప్రిల్ 5న, విడుదలైన వాళ్ళ కొత్త ఆల్బం 'ఓన్లీ గాడ్ వాజ్ అబవ్ అస్'ను. ఆ బృందానికి ఇది ఐదో స్టూడియో ఆల్బం. నాలుగోదానికీ దీనికీ మధ్య ఐదేళ్ళ ఎడం ఉంది. ఈ కొద్ది రోజుల్లో నేను చదివిన సమీక్షలన్నీ దాదాపుగా దీన్ని ఆకాశానికెత్తాయి, అందుకు నాకు ఏ అభ్యంతరమూ లేదు. నాకు మింగుడుపడనిది వాళ్ళు ఎత్తిన పద్ధతి. కొత్తదాన్ని పొగడటానికి ముందుగా పాతదాన్ని ఒక మెట్టు కిందికి దించి, ఇన్నాళ్ళకు వీళ్ళు మళ్ళీ దారిలో పడ్డారని రాస్తే, చదివేవాడికి ఆ పాతది ఏదో పెద్ద పొరపాటు అన్నట్టు తోస్తుంది. 2019 మే 3న వచ్చిన ఆ నాలుగోది, 'ఫాదర్ ఆఫ్ ద బ్రైడ్', దారి తప్పింది ఎక్కడ? అంతకుముందు వచ్చిన రెండు ఆల్బముల మాదిరిగానే అది కూడా అమెరికాలో ఆల్బముల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ 200 పట్టికలో మొదటి స్థానానికి చేరింది. 2020 జనవరిలో ఉత్తమ ఆల్టర్నేటివ్ ఆల్బంగా గ్రామీ తెచ్చుకుంది, ఆ ఏటి ఉత్తమ ఆల్బం పోటీలో కూడా నిలిచింది. 18 పాటలు ఉండటం, కొన్నింటిలో గాయని డానియెల్ హైమ్ గొంతు కలవడం, గిటారు తొందరపడకుండా హాయిగా సాగడం, ఇవీ దాని మీద మోపిన నేరాలు. ఆల్బములకు పదికి దశాంశాలతో సహా మార్కులు వేసే సంగీత సమీక్షల వెబ్‌సైటు పిచ్‌ఫోర్క్‌ను దాని యజమానులు ఈ జనవరిలోనే జీక్యూ పత్రిక కిందికి చేర్చి చాలామందిని ఇంటికి పంపించారు, అయినా ఆ మార్కుల మీద మా బావమరిదికి ఉన్న గురి వీసమెత్తు కూడా తగ్గలేదు.

నాన్నల ఆల్బం అన్న మాట పూర్తిగా అబద్ధమైతే నవ్వి ఊరుకునేవాడిని. 2019లో మా చిన్నది నెలల పిల్ల. అది రాత్రిళ్ళు ఎవరినీ పడుకోనిచ్చేది కాదని, దాన్ని భుజాన వేసుకుని బాల్కనీలో తిరుగుతూ నేను విన్నది ఆ 18 పాటలేనని ఇక్కడే ఎన్నోసార్లు రాశాను. పాడిన ఎజ్రా కోనిగ్ కూడా అంతకు ముందు ఏడే తండ్రి అయ్యాడు. అంచేత మా బావమరిది మాట నిజమే, కానీ నిజాన్ని ఎత్తిపొడుపుగా వాడుకోవడం ఏం మర్యాద? తండ్రి అయిన మనిషి సంతోషంగా పాడితే అది వయసు మళ్ళిన పాట, అదే మనిషి డ్రమ్ములను పగలగొట్టినట్టు వాయింపజేస్తే అది కళ!

అసలు మంట ఎక్కడంటే, వాడికి ఈ బృందాన్ని పరిచయం చేసింది నేను. 2013 వేసవిలో ఇంటర్ ముగించుకుని, ఇంజినీరింగు కాలేజీలు చూడటానికని వాడు ఒంగోలు నుంచి వచ్చి మా దగ్గర ఉన్నాడు. అప్పట్లో మాది బెంగళూరు బీటీఎం లేఔట్‌లో ఒక ఒంటి పడకగది ఇల్లు. సెలవు పెట్టినప్పుడల్లా వాడిని వెంటబెట్టుకుని సిల్క్ బోర్డు దగ్గర 500డి బస్సు ఎక్కి ఔటర్ రింగ్ రోడ్డు పొడవునా తిరిగేవాడిని. ఇయర్‌ఫోను ఒక కొస వాడి చెవిలో, రెండోది నా చెవిలో ఉండేది. ఆ మే నెలలోనే 'మోడర్న్ వాంపైర్స్ ఆఫ్ ద సిటీ' విడుదలైంది. ఫోను తెర మీద దాని ముఖచిత్రం చూసి, "ఇది ఏ ఊరు బావా, ఇంత పొగ?" అని అడిగాడు. 1966 నవంబరులో న్యూయార్కును కమ్మేసిన పొగను న్యూయార్క్ టైమ్స్ ఫోటోగ్రాఫర్ నీల్ బోయెన్జీ తీసిన చిత్రం అది. ఆ సంగతి చెబితే కిటికీలోంచి బయటికి చూసి, "ఇక్కడ మాత్రం తక్కువేముంది" అన్నాడు.

పాటలు మాత్రం వాడికి ఎక్కలేదు. అందులో 'హానా హంట్' అనే పాట ఉంది. అది చాలాసేపు గుసగుసలాడినట్టు నడిచి, రెండున్నర నిమిషాలు దాటాక పియానో, డ్రమ్ములు, గొంతు అన్నీ ఒక్కసారిగా పైకి లేస్తాయి. వాడు ప్రతిసారీ అంతదాకా ఆగకుండానే, "దీంట్లో దరువేదీ బావా" అంటూ ఇయర్‌ఫోను తీసేసేవాడు. ఒకనాడు మారతహళ్ళి వంతెన దగ్గర బస్సు ఎంతకీ కదలకుండా నిలిచిపోయినప్పుడు, తీయబోతున్న వాడి చేయి పట్టుకుని, "ఒరేయ్, ఒక్క నిమిషం ఆగరా" అన్నాను. ఆగాడు. ఆ ఒక్క నిమిషం అయ్యాక మళ్ళీ పెట్టమన్నాడు, బస్సు కదిలి కాడుబీసనహళ్ళి దాటేదాకా మళ్ళీ మళ్ళీ అదే పెట్టమన్నాడు. చివరికి నాకే విసుగొచ్చి రెండో ఇయర్‌ఫోను కూడా వాడికే ఇచ్చేశాను. ఆ వేసవిలో చూసిన కాలేజీలు వాడికి ఏవీ నచ్చలేదు. విజయవాడలోనే చేరాడు గాని, పోతూ పోతూ నా దగ్గరున్న పాటలన్నీ పెన్ డ్రైవులో ఎక్కించుకుని పోయాడు. అలాంటివాడు ఇవాళ నా ఇంట్లో కూర్చుని, వాంపైర్ వీకెండ్ అంటే ఏమిటో నాకు పాఠం చెబుతున్నాడు.

మధ్యలో అత్తయ్యగారు కూడా ఒక మాట వేశారు. నిన్న మనం పడుకునే వేళకు అమెరికాలో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది కదా, అదే పగటిపూట ఈ బృందం వాళ్ళు టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో కచేరీ పెట్టుకున్నారని బావమరిది గొప్పగా చెప్పబోతే ఆవిడ విస్తుపోయి, "గ్రహణం వేళ జపం చేసుకోవాలి గాని పాటకచేరీ ఏమిటి బాబూ" అన్నారు. మనకు కనిపించని గ్రహణానికి మనకు పట్టింపు లేదని, విడుపుస్నానం అక్కర్లేదని కూడా ఆవిడే తేల్చారు. ట్యాంకరు నీళ్ళతో నెట్టుకొస్తున్న మా అపార్టుమెంటుకు అదొక్కటే ఈ పండక్కి వినబడ్డ శుభవార్త.

సరే, ఆల్బం సంగతి. నిన్నటిదాకా నా అభిప్రాయం ఒక్క ముక్కలో చెప్పాలంటే, చప్పుడు ఎక్కువ. మొదటి పాట 'ఐస్ క్రీమ్ పియానో' మెల్లగా మొదలై మీద పడుతుంది, 'క్లాసికల్'లో గిటారు చెవిలో రంపం పెట్టినట్టు ఉంటుంది. నిర్మాత మాత్రం పాత ఏరియల్ రెక్ట్‌షెయిడే. మిక్సింగ్ చేసినది అలాంటి చప్పుళ్ళకు పేరుబడ్డ డేవ్ ఫ్రిడ్‌మన్ కనుక డ్రమ్ముల అంచులు చిట్లినట్టు వినిపించడం కావాలని చేసిన పనేనని తెలుసు, తెలిసినంత మాత్రాన చెవులు ఒప్పుకోవు కదా. అయితే ఈ రాత్రి హాల్లో వాడు, గదిలో పిల్లలు నిద్రపోతున్నారని ధ్వని బాగా తగ్గించి పెట్టుకున్నాను. ఇయర్‌ఫోన్లు చిన్నది ఎక్కడ దాచిందో దొరకలేదు. అంత తక్కువలో వింటే చప్పుడంతా వెనక్కి తగ్గి, దాని కింద ఉన్న పియానో, తంత్రీవాద్యాలు పైకి తేలాయి. 'కాప్రికార్న్' ఇంత మెత్తని పాట అని నాకు ఇప్పటిదాకా తెలియదు. 'కనెక్ట్'లో మొదటి ఆల్బంలోని మొదటి పాట డ్రమ్ముల దరువు యథాతథంగా తిరిగి వస్తుంది. 2016లో బృందాన్ని వదిలి వెళ్ళిన రోస్తమ్ బాట్‌మంగ్లిజ్ 'ద సర్ఫర్' రచనలో చేయి కలిపాడు. ముఖచిత్రం 1988లో స్టీవెన్ సీగెల్ తీసిన ఫోటో, పాత సబ్‌వే రైలుపెట్టెలను పడేసే చోట, పక్కకు ఒరిగిన పెట్టెలో. ఆల్బం పేరు, అంటే 'మా పైన దేవుడొక్కడే', కూడా ఆ ఏటి వార్తాపత్రికలో ఒక విమాన ప్రమాదం గురించి వచ్చిన శీర్షికే. ఆ ఏప్రిల్‌లో హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ విమానానికి ఆకాశంలోనే పైకప్పు ఊడిపోయింది. విమాన పరిచారిక ఒకావిడ చనిపోయింది, మిగిలిన 94 మంది బతికి నేలకు దిగారు.

ఇదంతా కలిపి చూస్తే, వీళ్ళు వెనక్కి తిరిగి వచ్చారన్నది సమీక్షకుల కల్పన అనలేను. ఆల్బమే అంత బాహాటంగా వెనక్కి చూస్తుంటే రాసేవాళ్ళు వేరే ఏం రాస్తారు? వాళ్ళ మీద నాకున్న కోపం చాలావరకు పోయింది. కానీ 'మేరీ బూన్'లో ఆ బృందగానం, చివరి పాట 'హోప్'లో ఆ తీరిక, ఇవి 'ఫాదర్ ఆఫ్ ద బ్రైడ్' చేయని బృందానికి వచ్చి ఉండేవి కావని నా గట్టి నమ్మకం. రేపు పొద్దున కాఫీ దగ్గర వాడితో ఈ వాదన పెట్టుకోవాలనే, గిన్నెలు సర్దుతున్న మా ఆవిడకు ముందుగా ఒకసారి వినిపించాను.

ఆవిడ సర్దడం ఆపకుండానే, "2019లో వాడు ఎలా ఉన్నాడో మీకు గుర్తుందా? హైదరాబాదులో ఉద్యోగం పోయి, అమ్మకు కూడా చెప్పకుండా నెలల తరబడి ఆ గదిలో పడి ఉన్నాడు. మీరు అప్పుడు వాడికి ఆ పాటలు పంపి, వినరా, హాయిగా ఉంటాయి అన్నారు" అంది.

పంపిన మాట నిజమే. వాడు బదులివ్వలేదన్నది కూడా ఇప్పుడు గుర్తొస్తోంది. ఆ లెక్కన వాడికి ఆ ఆల్బం మీద కసి ఉండటంలో ఆశ్చర్యం లేదు, ఈ కొత్తదాని చప్పుడులో వాడికి ఏం దొరికిందో కూడా కొంత అర్థమవుతోంది. అలాగని బొబ్బట్టు తింటూ అన్న మాటను వదిలేయబోవడం లేదు. నాన్నల ఆల్బం అన్నందుకు వాడి చేత రేపు ఆ 18 పాటల్లో కనీసం సగమైనా వరసగా వినిపిస్తాను. అది అయ్యాక 'హోప్' గురించి మాట్లాడుకోవాలి. ఆ పాట దాదాపు 8 నిమిషాలు ఉంది. వాడు దాన్నే అన్నిటికన్నా గొప్పదంటున్నాడు. నాకూ నచ్చింది గాని, ఆరు నిమిషాలకు ఆపి ఉంటే సరిపోయేది.