సంతకాలు లేకుండా తిరిగొచ్చిన రోజు

2019 ఎండాకాలం. ప్రపంచ బ్యాంకు అప్పుతో చెరువులు బాగుచేసే ఒక ప్రాజెక్టులో ఊరి మీటింగులు పెట్టే పని నాకు దొరికింది. నన్ను పంపింది ఆత్మకూరు అవతల, నల్లమలలోని ఒక చెంచు గూడేనికి. కర్నూలులో బస్సెక్కేముందు కన్సల్టెన్సీ వాళ్లు ఒక ఫైలిచ్చారు. అందులో చెరువు పనికి వేసే మట్టిరోడ్డుకు అంగీకార పత్రం, కింద సంతకాలకు గళ్లు. సాయంత్రానికి అవి నిండాలి.

గూడెంలో ఆడవాళ్లు, ముసలివాళ్లే ఉన్నారు. మగవాళ్లు తపసి చెట్ల బంక తీయడానికి అడవిలోకి పోయారు. ఉన్నవాళ్లకే చదివి వినిపించాను. 'ప్రభావిత కుటుంబాలు', 'ఉప ప్రాజెక్టు' అని చదువుతుంటే ఎవరి ముఖంలోనూ కదలిక లేదు. చివరికి ఒక అవ్వ అడిగింది: "ఈ మట్టిరోడ్డు మా లింగమయ్య పక్కనే పోతాదా నాయనా?"

మ్యాపు విప్పి చూశాను. అక్కడ వాళ్లు కొలిచే దేవుడు లింగమయ్య లేడు.

సంతకాలు తీసుకోకుండా తిరిగొచ్చాను. ఆఫీసులో గట్టిగా మాటలు పడ్డాయి. ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. ప్రాజెక్టు పాటించాల్సిన ప్రపంచ బ్యాంకు నియమాల్లో ఆదివాసుల గురించిన ఏడో ప్రమాణాన్ని ఆ రాత్రే మొదటిసారి పూర్తిగా చదివాను. బ్యాంకు 2005 నాటి విధానంలో ముందుగా సంప్రదించి, జనం మద్దతు ఉందని చూపితే సరిపోయేది. 2018 అక్టోబరు నుంచి అలా కాదు. ఆదివాసులు తరతరాలుగా వాడుకుంటున్న నేలకు, అడవికి నష్టం కలిగేలా ఉన్నా, వాళ్లను వేరే చోటికి తరలించాల్సి వచ్చినా, వాళ్లు కొలిచే చోట్లకు పెద్ద దెబ్బ తగిలేలా ఉన్నా, అన్నీ తెలిసి, బలవంతం లేకుండా, పని మొదలవకముందే ఇచ్చిన సమ్మతి కావాలి. అది గూడెం మొత్తం కలిసి చెప్పే మాట. విడివిడి వేలిముద్రలు కూడితే వచ్చేది కాదు. ఇదే రాసి పైకి పంపాను. వారం తర్వాత ఒప్పుకున్నారు.

మగవాళ్లు తిరిగొచ్చాక ఇంజనీరును వెంటబెట్టుకుని పోయాం. ఈసారి కాగితం బయటికి తీయలేదు. సున్నం పోసుకుంటూ రోడ్డు వచ్చే దారంతా నడిచాం. అవ్వ ముందు నడిచింది. ఎవరు ఏ చెట్ల దగ్గర బంక తీస్తారో ఒక్కొక్కటిగా చూపించింది. సున్నం గీత రెండు చోట్ల పక్కకు జరిగింది. లింగమయ్య దగ్గర చాలా దూరమే జరిగింది.

ఫిర్యాదుల కోసం ఒక ఫోను నంబరు ఇచ్చాం. గూడెంలో సిగ్నలే లేదు! నెలకోసారి మనిషి వచ్చి కూర్చోవాలని వాళ్లే షరతు పెట్టి రాయించారు. మొదటి నెల పోయింది నేనే. మొదటి ఫిర్యాదు అవ్వదే: లారీల దుమ్ము లింగమయ్య మీద పడుతోందట. రాసుకుని, ఆమెకు చదివి వినిపించి, తలూపాకే పుస్తకం మూశాను.