కొలువు ఎత్తిన రోజు

18 జనవరి 2025, శనివారం, విజయవాడ

మొన్న ముక్కనుమ రాత్రి హారతి ఇచ్చి, ఆనవాయితీ ప్రకారం పై మెట్టు మీది బొమ్మను ఒకదాన్ని పడుకోబెట్టాము కాబట్టి నిన్ననే కొలువు ఎత్తవలసింది. కానీ నిన్న శుక్రవారం, లక్ష్మిని చేతులారా పంపించినట్టవుతుందని మా అత్తయ్యగారు ఉన్న రోజుల నుంచీ శుక్రవారం నాడు మా ఇంట్లో బొమ్మలను పెట్టె ఎక్కించరు. అందువల్ల ఆ పని ఈ రోజుకు పడింది. ఉదయం కాఫీ అయ్యాక ట్రంకు పెట్టెలు రెండూ హాల్లోకి లాగించుకుని, ఉతికి పెట్టుకున్న పాత పంచె ముక్కలు పక్కన పరుచుకుని, ఒక్కొక్క బొమ్మనూ తుడిచి చుట్టడం మొదలుపెట్టాను. అయిదు మెట్ల కొలువు పేర్చడానికి రెండు గంటలు పడితే, ఎత్తడానికి పూట పూర్తిగా పడుతుంది. పేర్చేటప్పుడు బొమ్మ ముందు వైపే చూస్తాము; చుట్టేటప్పుడు వీపు, అరికాళ్లు, అతుకులు అన్నీ చేతికి తగులుతాయి, పోయిన సంవత్సరం లేని పగులు ఈ సంవత్సరం కనిపిస్తుంది.

దశావతారాలు చుట్టడం అయ్యేసరికి హైదరాబాదు నుంచి మా ఆడపడుచు భర్త ఫోన్ చేశారు. ఆయన ఉద్యోగ విరమణ తరువాత పాత చెక్క బొమ్మలను సేకరించడం మొదలుపెట్టి, ఇప్పుడు ఒక గది నిండా అద్దాల బీరువాలు పెట్టుకున్నారు.

"ఏమ్మా, కొలువు ఎత్తేశారా?" అన్నారు.

"ఇవాళే ఎత్తుతున్నానండీ, అన్నయ్యగారూ."

"ఆ ఎర్రచందనం జంటను మాత్రం పెట్టెలో పెట్టకమ్మా. ఈసారి వచ్చినప్పుడు నేను తీసుకువెళ్తాను. ఆ మగ బొమ్మ పాదం అరిగిపోయింది కదా, మా వడ్రంగి చేత రెండు పాదాలూ సమంగా కోయించి, ఉప్పు కాగితం పట్టించి, పాలిష్ వేయిస్తే కొత్తదానిలా ఉంటుంది."

నేను వెంటనే ఏమీ అనలేకపోయాను. పోయిన సంక్రాంతికి వారింటికి వెళ్లినప్పుడు చూసిన కర్ర గుర్రం గుర్తుకు వచ్చింది. ఎవరో పల్లెటూరి నుంచి తెచ్చి అమ్మిన పాత గుర్రం అది. దాని వీపు నుంచి కడుపు దాకా బెజ్జం వేయించి, తీగ ఎక్కించి, నెత్తిన ఒక గుడ్డ గొడుగు పెట్టి పడక గదిలో దీపంగా అమర్చుకున్నారు. అప్పుడు నేను "అయ్యో" అన్నందుకు ఆయన నవ్వి, "డబ్బు పెట్టి కొన్నానమ్మా, ఆ మాత్రం హక్కు లేదా? దానికేమైనా నొప్పి పుడుతుందా?" అన్నారు. నొప్పి పుట్టదన్న మాట నిజమే కాబట్టి ఆ రోజు నా దగ్గర జవాబు లేకపోయింది. ఈ రోజంతా చేతులు బొమ్మలను చుడుతూ ఉంటే మనసు మాత్రం ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ఆయన కోయిస్తానన్న పాదం సంగతి మొదట రాస్తాను. తిరుపతి వైపు ఎర్రచందనంతో స్త్రీ పురుషుల జంటగా చెక్కే మరపాచి బొమ్మలు అవి. జానెడు ఎత్తు ఉంటాయి, కళ్లూ ముక్కూ నాలుగు గాట్లతో తేల్చేసిన మొహాలు. అత్తయ్యగారికి వాళ్ల అమ్మ ఇచ్చినవి. మగ బొమ్మ నిలబడితే ఎడమ వైపుకు కొద్దిగా ఒరుగుతుంది. దానికి కారణం ఎవరి అజాగ్రత్తా కాదు. ఇంట్లో పసిపిల్లలకు వేసవిలో సెగ గడ్డలు లేచినప్పుడు, అత్తయ్యగారి అమ్మగారు ఆ బొమ్మ పాదాన్నే సాన మీద నీళ్లతో అరగదీసి, ఆ ఎర్రటి గంధాన్ని గడ్డ మీద పట్టించేవారట. ఆడ బొమ్మ జోలికి వెళ్లేవారు కారట, ఎందుకో అత్తయ్యగారూ చెప్పలేకపోయారు. మా వారి చిన్నప్పటి గడ్డలన్నీ ఆ ఎడమ పాదంలోనే ఉన్నాయి. సేకరణ చేసేవారి లెక్కలో అది దెబ్బతిన్న బొమ్మ, ధర తగ్గే బొమ్మ; నా లెక్కలో దాన్ని సమంగా కోయించడమే దెబ్బ. అరగదీసినవారు బొమ్మను వాడుకున్నారు, నిజమే, కానీ ఏ చెక్కతో ఏ ఇంటి కోసం అది వచ్చిందో ఆ పనికే వాడుకున్నారు. ఉప్పు కాగితం పట్టించేవారు అదంతా తుడిచి పెట్టి, ఎప్పుడూ ఎవరూ ముట్టుకోని బొమ్మగా దాన్ని నమ్మించాలని చూస్తారు.

మా తమ్ముడు న్యాయవాది. మధ్యాహ్నం భోజనాల వేళ వాడు పని మీద ఇటు వస్తే, ఈ విషయం వాడి ముందు పెట్టాను. ఆయన సొమ్ము ఆయన ఇష్టం అంటాడనుకున్నాను కానీ, వాడు అమరనాథ్ సెహగల్ అనే శిల్పి కేసు చెప్పాడు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకు ఆయన చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ప్రభుత్వం ఊడదీయించి ముక్కలుగా గోదాములో పడేసిందట. డబ్బు ఇచ్చి చేయించుకున్నది ప్రభుత్వమే, సొంతదారు ప్రభుత్వమే. అయినా 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం, అమ్ముకున్న తరువాత కూడా తన పనిని పాడు చేయకుండా ఆపే హక్కు కళాకారుడికి మిగిలే ఉంటుందని 2005లో ఢిల్లీ హైకోర్టు చెప్పి, మిగిలిన ముక్కలను ఆయనకు తిరిగి ఇప్పించి, అయిదు లక్షల రూపాయల పరిహారం కూడా ఇవ్వమన్నదట. వినడానికి ఎంతో బాగుంది. అయితే సెహగల్ గారికి పేరు ఉంది, ఆయన బతికి ఉండి కోర్టుకు వెళ్లగలిగారు. అన్నయ్యగారి గుర్రాన్ని చెక్కిన మనిషి పేరు ఆ గుర్రం మీద ఎక్కడా లేదు, నా ట్రంకు పెట్టెలలోని ఒక్క బొమ్మ మీదా లేదు.

"దేవుడి విగ్రహమైతే మరో దారి ఉందక్కా," అన్నాడు తమ్ముడు మజ్జిగ పోసుకుంటూ. ప్రాణప్రతిష్ఠ చేసిన విగ్రహాన్ని మన న్యాయస్థానాలు ఆస్తి కలిగి ఉండగల వ్యక్తిగా చూస్తాయి, దాని తరఫున వ్యాజ్యం కూడా వేయవచ్చు. కొలువు బొమ్మకు అటువంటి ప్రతిష్ఠ ఏదీ జరగదు. మెట్ల మీద ఉన్న మూడు రోజులూ పసుపు కుంకుమలు, శనగల వాయనాలు, పేరంటాళ్ల పాటలు అందుకుని, నాలుగో రోజున గుడ్డ చుట్టుకుని పెట్టెలోకి పోతుంది. దేవుడూ కాదు, సామానూ కాదు. అయినా మనం దాన్ని పెట్టెలో పడేసే ముందు ఒకదాన్ని పడుకోబెట్టి జోల పాడుతున్నాము కదా; కుర్చీకి ఎవరైనా జోల పాడతారా? విరిగిన బొమ్మను చెత్తబుట్టలో వేయడానికి చేయి రాక గుడి పక్కన రావి చెట్టు మొదట్లో వదిలి వచ్చేవారు మా వీధిలోనే ఎందరో ఉన్నారు. జపానులో ఈ ఇబ్బందికి ఒక పద్ధతే ఉన్నది. టోక్యోలోని ఉయెనోలో ఉన్న కియోమిజు కన్నన్ ఆలయంలో ఏటా సెప్టెంబరు 25న, ఇక ఉంచుకోలేని బొమ్మలకు మంత్రాలు చదివి వీడ్కోలు చెబుతారు. మన రావి చెట్టు కింద మంత్రాలూ లేవు, మున్సిపాలిటీ వారు వచ్చి ఊడ్చుకుపోయే దాకా అవి వానకు నానుతూ ఉంటాయి. ఆ పని నాకు ఎప్పుడూ నచ్చదు. మన చేతికి మట్టి అంటకుండా పక్కవారి గుమ్మంలో పెట్టి వచ్చినట్టే అనిపిస్తుంది.

ఇంతవరకూ రాసి, తప్పు చేసేవారు ఎప్పుడూ అన్నయ్యగారో వీధివారో అయినట్టు ఉన్నదే అని ఆగిపోయాను. మధ్యాహ్నం రెండో పెట్టెలో మజ్జిగ చిలికే అమ్మాయి చేతికి వచ్చింది మరి.

అది కొండపల్లి బొమ్మ. ఆ కొండల్లో దొరికే తెల్ల పొణికి చెక్క దూదిలా తేలికగా ఉంటుంది. అంగాలు విడివిడిగా చెక్కి, సన్నని సెగ మీద తేమ పోగొట్టి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు, ఆ పైన సుద్ద పూత, దాని మీద రంగులు. అత్తయ్యగారి నాటి ఆ బొమ్మకు నీళ్ల రంగులు వేసి ఉండేవి. చిలకపచ్చ చీర, పసుపు అంచు, కళ్లు ఒక్క కుంచె గీతతో వాలి ఉండేవి. కవ్వం వైపు చూస్తున్నదో నిద్ర వస్తున్నదో తెలిసేది కాదు. 2011 సంక్రాంతికి, పేరంటానికి వచ్చేవారు వెలిసిపోయిన బొమ్మలు పెట్టిందని అనుకుంటారేమోనని, హార్డ్‌వేర్ దుకాణం నుంచి చిన్న చిన్న ఎనామిల్ రంగు డబ్బాలు తెప్పించి, నేనే కూర్చుని దానికి ఎర్ర చీర కట్టాను. కళ్లు వేయడం నాకు చేతకాలేదు. రెండు తెల్ల చుక్కలు, వాటి మధ్య రెండు నల్ల చుక్కలు. అప్పటి నుంచి ఆ అమ్మాయి ఎవరో వెనుక నుంచి పిలిచినట్టు కళ్లు తెరిచి కూర్చుని ఉంది. పేరంటాళ్లు మెరిసిపోతున్నదని మెచ్చుకున్నారు కూడా.

రెండేళ్ల క్రితం మనసు ఊరుకోక దాన్ని కొండపల్లి బొమ్మల కాలనీకి తీసుకువెళ్లాను. మా ఇంటికి ఎంత దూరమని, గంటలో వెళ్లిపోవచ్చు. ఒక పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, కవ్వం పట్టిన వేళ్ల దగ్గర బొటనవేలితో రుద్ది చూసి, "చెక్కడం పాత చేయి. ఈ రంగు ఎవరు వేశారమ్మా?" అని అడిగారు. "ఎవరో వేశారండీ," అన్నాను. అంత చిన్న విషయానికి అంత సులువుగా అబద్ధం ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆయన తన ముందున్న డబ్బాలు చూపించి, "ఇప్పుడు మేమూ ఎనామిలే వేస్తున్నాం లెండి, గిరాకీ అలా ఉంది. కాకపోతే ఇది గోకితే కింది సుద్దతో సహా లేచి వస్తుంది, మొహం మిగలదు. ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచుకోండి," అన్నారు. అన్నయ్యగారి వడ్రంగికీ నాకూ తేడా ఉందా అంటే, ఆయన బొమ్మ ఖరీదు పెంచాలనుకున్నారు, నేను నా పరువు నిలబెట్టుకోవాలనుకున్నాను. ఎవరి కోసం చేశామన్నది బొమ్మ వైపు నుంచి చూస్తే ఒక్కటే.

బాగా చూసుకోవాలన్న ఆత్రంలో చేసినవి ఇంకా ఉన్నాయి. పురుగు పడుతుందని ఒక ఏడు గుప్పెళ్లతో కలరా ఉండలు పోస్తే, ఒక ఉండ ఆనుకున్న చోట ప్లాస్టిక్ పాప చెంప మెత్తబడి సొట్ట పడింది. దుమ్ము పడకుండా పాలిథిన్ సంచిలో బిగించి కట్టిన రబ్బరు లాంటి మెత్తటి బొమ్మ, విప్పేసరికి ఒళ్లంతా జిగురు కక్కుకుని ఉంది. ఆ రకం ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే నూనె లాంటి పదార్థం గాలి ఆడక పైకి ఊరుతుందట. అటక మీద ఎండాకాలమంతా ఉంచిన ఏటికొప్పాక బుడ్డీలకు చుట్టిన పత్రిక కాగితం లక్కకు అంటుకుపోయి, ఒక దాని నడుము మీద వార్త తిరగబడిన అక్షరాలతో ఇప్పటికీ చదవవచ్చు. ఇప్పుడు పంచె ముక్కలు, ఎండిన వేపాకు, నాలుగు వస కొమ్ములు, అంతే. పెట్టెలు కూడా అటక మీదికి కాకుండా మంచం కిందికే.

సాయంత్రం మా మనవరాలు బడి నుంచి వచ్చి, చుట్టకుండా మిగిలిన తాడిచెట్టు బొమ్మను తీసుకుని, చెట్టెక్కే మనిషిని కిందకూ పైకీ జరుపుతూ అరగంట ఆడింది. ఆ మనిషికి ఒక చేయి ఎప్పుడో విరిగింది, నడుముకు కట్టిన తాడు మా అమ్మాయి చిన్నప్పుడు కట్టిన ఉన్ని దారం. పోయిన ఏడు ఇదే పిల్ల దశావతారాలలోని కూర్మానికి స్నానం చేయించి రంగు సగం బకెట్టులో కలిపితే, నేను దాన్ని ఏడ్చేదాకా కోప్పడ్డాను. ఆ కోపం ఈ రోజు తలుచుకుంటే నవ్వూ సిగ్గూ రెండూ వచ్చాయి. అది తాబేలుకు నీళ్లు కావాలనుకుంది. నేను మజ్జిగ అమ్మాయికి ఏమి కావాలనుకుని ఆ కళ్లు వేశాను?

దీపాలు పెట్టాక అన్నయ్యగారికి ఫోన్ చేసి, ఆ జంట మనవరాలికి అనుకున్నామని చెప్పాను. కాసేపు ఊరుకుని, "అంత అరిగిన బొమ్మను పిల్ల ఏం చేసుకుంటుందమ్మా?" అన్నారు. సాన రాయి కూడా దానికే ఇస్తానన్నాను. ఆయన నవ్వారు, కోపం వచ్చినట్టు లేదు.

రాత్రి భోజనాలయ్యాక రెండో పెట్టె మూత వేయబోతూ, మజ్జిగ అమ్మాయిని మళ్లీ విప్పాను. కాగితం ముక్క మీద బాల్ పెన్నుతో ఇలా రాశాను: "ఈ ఎర్ర రంగు 2011 సంక్రాంతికి నేను వేసినది. అసలు చీర చిలకపచ్చ, అంచు పసుపు. కళ్లు కిందికి వాలి ఉండేవి. దయచేసి గోకవద్దు, మొహం పోతుంది." కింద నా పేరు రాసి, కాగితాన్ని మడిచి, కవ్వం వెనుక పెట్టి, పంచె ముక్క మళ్లీ చుట్టాను. మనవరాలు పక్కన చేరి, "బొమ్మకు ఉత్తరం రాశావా అమ్మమ్మా?" అని అడిగింది. అవునన్నాను.