పాత మ్యాప్‌తో తాడిపత్రి బస్సులో

గండికోట గురించి రాయను. లోయ అంచున సెల్ఫీలు, టెంట్ల రేట్లు అందరికీ తెలిసినవే. సంగటి, నాటుకోడి ప్లేటుకు అక్కడివాళ్లు చెప్పిన ధర వినేసరికే ఆకలి చచ్చిపోయింది. ముద్దనూరు చేరి ఉగ్గాని, బజ్జీ తిని తాడిపత్రి బస్సెక్కాను.

ఫోన్‌లో 1950ల నాటి మ్యాప్ ఉంది. అమెరికా సైన్యం మన దేశానికి వేయించిన షీట్లవి, టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ ఉచితంగా నెట్‌లో పెట్టింది. సెంటీమీటరుకు రెండున్నర కిలోమీటర్లు. అందులో మైలవరం డ్యామ్ లేదు, గండికోట రిజర్వాయర్ లేదు. పెన్న, చిత్రావతి సన్నటి నీలిగీతలు, వాటి పక్కన ఊళ్ల చుక్కలు. ఇప్పుడు గండికోట రిజర్వాయర్ ఒక్కటే నిండితే 26.85 టీఎంసీల నీళ్లు. పాత దారులు ఎంతదాకా మిగిలాయో చూడాలని నా సరదా.

పక్క సీట్లో ఒక పెద్దాయన, ఒళ్లో మోటారు స్టార్టర్ డబ్బా. చాలాసేపు నా ఫోన్‌లోకే తొంగిచూశాడు.

"ఏం చూస్తాండావబ్బీ?"

పాత మ్యాప్ అన్నాను.

"అట్లైతే మా తాళ్లప్రొద్దుటూరు యాడుందో చూపీ."

2020లో గండికోట రిజర్వాయర్ నీళ్లలో మునిగిన ఊరు. నేను ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కుంటూ వెతుకుతున్నాను. ఆయన ఆగలేదు. "రైలు కట్ట ఇదే కదా? ఏరు ఇదే కదా? అయితే ఊరు ఈడ ఉండాల" అని వేలు పెట్టేశాడు. మట్టి పట్టిన ఆ గోరు పక్కకు జరిపి చూస్తే, సరిగ్గా దాని కిందే పేరు. ఇంగ్లిష్ ముక్క రాదు ఆయనకు. నేనేమో వారం రోజులుగా ఆ షీట్‌ను జూమ్ చేసి చేసి కళ్లు నొప్పి పుట్టించుకున్నాను.

దొరికిందన్న సంతోషం ఎంతోసేపు లేదు. "మా చీనీ తోట లేదే ఇందులో? కుంట లేదు. రచ్చబండ కాడి చింతమాను లేదు. ఇదేం మ్యాపు?" అని నన్నే నిలదీశాడు, నేనే గీసినట్టు. ఇంత చిన్న స్కేలులో తోటలు పట్టవని, మైలుకు అంగుళం లెక్కన సర్వే వాళ్లు వేసిన పాత షీట్లయితే కుంటలు, బావులు కూడా ఉంటాయని చెప్పాను. "మరి అది తేకుండా ఇదెందుకు తెచ్చినావ్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

మాది కర్నూలు వైపు. మా అవ్వ ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. చచ్చేదాకా మీదేవూరంటే ఆ పేరే చెప్పేది. పునరావాస కాలనీ పేరు నోట పలకలేదు. రేషన్ కార్డు రాసేవాళ్లతో పోట్లాడేది కూడా. ఈ పెద్దాయనా అంతే. ఉంటున్నది కొండాపురం దగ్గర కాలనీలో. కండక్టర్ ఎక్కడికని అడిగితే మాత్రం ముందు తాళ్లప్రొద్దుటూరు అని, తర్వాత నాలిక కరుచుకుని స్టాపు పేరు చెప్పాడు. కండక్టరుకు ఇది అలవాటేననుకుంటా, చిల్లర లెక్కపెడుతూనే టికెట్ కొట్టాడు.

కొండాపురంలో దిగుతూ అల్లుడి నంబరిచ్చి వాట్సాప్‌లో పంపమన్నాడు. పెద్ద ఫైలు, సిగ్నల్ అంతంతమాత్రం. తాడిపత్రి బస్టాండులో గానీ పోలేదు. చీకటి పడ్డాక అల్లుడి ఫోన్ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక పిల్లల గోల, మధ్యలో పెద్దాయన గొంతు:

"అబ్బీ, ఆ అంగుళం మ్యాపు ఎప్పుడు పంపిస్తావ్?"